వంతెన వాలులో నిలిచిన బండి: శ్రీ బొంతు జయరాజు గారికి అభినందన

1987వ సంవత్సరం నవంబరు 16వ తేదీ సోమవారం ఉదయం శ్రీ బొంతు జయరాజు గారు లిలువా రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా ఉద్యోగంలో చేరారు. శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో రైలెక్కి హౌరాలో దిగిన ఆ యువకుని వెంట ఒక రేకు పెట్టె తప్ప మరేమీ లేదు. నోట తెలుగు తప్ప మరో భాష లేదు. ఆ యువకుడే ఈ జూలై నెలాఖరున, వ్యాగన్ బ్రేకుల విభాగానికి పర్యవేక్షకులుగా, సహోద్యోగులందరి గౌరవాభిమానాల నడుమ పదవీ విరమణ చేస్తున్నారు.

నేను వర్క్‌షాపు ఉద్యోగిని కాను. మా వారు అనంతకృష్ణ గారు జయరాజు గారి విభాగంలోనే చాలాకాలంగా పనిచేస్తున్నారు. ఈ వీడ్కోలు సంచికలో తెలుగు వ్యాసం ఒకటైనా ఉండాలని జయరాజు గారు కోరారట. విభాగంలో తెలుగు మాట్లాడేవారు కొందరున్నా, పేజీ నిండా రాయగలవారు లేకపోవడంతో ఆ బాధ్యత నా మీద పడింది. ఇంట్లో కూర్చుని విన్నదీ, కొంత కళ్లారా చూసినదీ రాస్తున్నాను. సాంకేతిక విషయాలలో తప్పు దొర్లితే సరిదిద్దమని వ్యాసాన్ని ముందే మా వారికి చూపించాను. ఆయన రెండు చోట్ల దిద్దారు; ఒక చోట నేను ఒప్పుకోలేదు.

ఖలాసీగా చేరిన జయరాజు గారు కొద్ది సంవత్సరాలలోనే పరీక్ష రాసి ఫిట్టరు అయ్యారు. బెంగాలీ పని దగ్గరే నేర్చుకున్నారు. హిందీ బీహారు మిత్రుల దగ్గర నేర్చుకున్నారు. 1999లో మిస్త్రీగా, ఆ తరువాత క్రమంగా పర్యవేక్షకులుగా పదోన్నతి పొందారు. ఏ హోదాలో ఉన్నా, మరమ్మతుకు వచ్చిన వ్యాగన్ తిరిగి పట్టాలెక్కే ముందు దాని బ్రేకును స్వయంగా పరీక్షించనిదే ఆయన పంపేవారు కారు.

ఆ పరీక్షలో వారిది ఒక ప్రత్యేక పద్ధతి. బ్రేకు వేసే మనిషి ఒక పక్క, చక్రం దగ్గర చూసే మనిషి ఒక పక్క ఉంటారు. చక్రాన్ని బ్రేకు గట్టిగా పట్టిందని కంటితో చూసి, చేత్తో తట్టి, ఆ తరువాతనే రెండో మనిషి ‘పట్టింది!’ అని కేక వేయాలి. సడలించాక మళ్లీ చూసి ‘వదిలింది!’ అనాలి. తల ఊపితే చాలదు, చెయ్యి ఎత్తితే చాలదు. షెడ్డులో చప్పుడెక్కువ గనుక మొదట్లో అవసరం కొద్దీ పుట్టిన ఈ అలవాటు క్రమంగా ఆ విభాగానికి ఆచారమైపోయింది. తెలుగులో మరొక్క ముక్క రాని బెంగాలీ, బీహారీ, ఒడియా కార్మికులు సైతం ఆ రెండు మాటలనూ శ్రీకాకుళం యాసలో స్పష్టంగా పలుకుతారని మా వారు చెబితే, వర్క్‌షాపు వార్షికోత్సవం నాడు వెళ్లి నేను స్వయంగా విన్నాను. నిజమే.

2021 వర్షాకాలంలో జయరాజు గారు ఫెర్రీ ఘాటు మెట్ల మీద జారిపడ్డారు. నడుము దగ్గర నరం దెబ్బతిని కుడికాలు మోకాలి కింద స్వాధీనం తప్పింది. చేతికర్ర సాయంతో నడక వచ్చింది గాని, పాదం పైకి లేవడం రాలేదు. వారి ఇల్లు సాల్కియా వైపు, వర్క్‌షాపు వంతెనకు ఇవతల. బస్సు మెట్టు ఎక్కలేరు. టోటోలవాళ్లు, అంటే బ్యాటరీ రిక్షాలవాళ్లు, జనంతో వంతెన ఎక్కడానికి గొణుగుతారు. కొంతకాలం మా వారు తమ స్కూటరు మీద తీసుకువెళ్లారు. ‘నన్ను రోజూ సరుకులా దింపుతున్నావు తమ్ముడూ’ అని జయరాజు గారు నవ్వుతూనే అనేవారు. ఆ నవ్వు చూసి మా వారు ఇంటికొచ్చి అన్నం సరిగా తినేవారు కారు.

చివరికి 2022లో, ఆ దసరా పూజలు దాటేలోగా తమంతట తాము పనికి రాగలిగే దారి దొరకకపోతే, స్వచ్ఛంద విరమణ తీసుకుని శ్రీకాకుళం వెళ్లిపోతానని వారు విభాగంలో చెప్పేశారు. అప్పటికి వారి కుమార్తె హెప్సీ హౌరాలో నర్సింగు చదువు మధ్యలో ఉంది. కుమారుడు బ్లెస్సన్ బడిలో ఉన్నాడు. వారి శ్రీమతి లిల్లీ గారు ఒకనాడు నాతో, ‘ఎల్లిపోడానికి నాకేటి బాధ లేదమ్మా, ఆయన ఓడిపోయి ఎల్తన్నానని అనుకుంటారు, అదే నాకు భయం’ అన్నారు.

అప్పుడే విభాగంలోని మిత్రులు మూడు చక్రాల మోటారు సైకిలు ఆలోచన చేశారు. ముందు ఒక చక్రం, వెనుక ఇరుసుకు రెండు చక్రాలు. బండి దొరికింది, కూర్చుంటే సుఖంగా ఉంది. గేర్లు ఎడమ కాలితోనే కనుక ఇబ్బంది లేదు. కాని వెనుక బ్రేకు కుడికాలి కిందే ఉంది. పైగా ఇది స్టాండు వేసి పక్కకు ఒరిగించే బండి కాదు. వాలులో వదిలేస్తే దాని దారిన అది పోతుంది. అందువల్ల చేతి బ్రేకు ఒకటి ప్రత్యేకంగా అమర్చక తప్పలేదు. అమర్చేవారు ముప్పై ఏళ్లకు పైగా బ్రేకుల మధ్య బతికినవారు గనుక, ఎవరికీ సందేహం కలగలేదు.

పనంతా ఆదివారాలలో, హౌరాలోని ఒక లేతు షాపులో జరిగింది. వర్క్‌షాపుకు చెందిన మేకు ఒక్కటైనా వాడకూడదని జయరాజు గారు ముందే షరతు పెట్టారు. గూడ్సు బండి చివర గార్డు వ్యానులో ఉండే చేతి బ్రేకు చూసినవారికి తెలుస్తుంది: గుండ్రటి చక్రాన్ని తిప్పుతూ పోతే మర బిగిసి, కింద చక్రాలను బ్రేకు పట్టుకుంటుంది. సరిగ్గా దాని చిన్న రూపాన్నే, చూడముచ్చటగా ఇత్తడి పిడితో సహా, సీటు పక్కన బిగించారు.

మా క్వార్టర్ల మైదానంలో పరీక్ష. దుర్గా పూజ పందిరి కోసం ఒక చివర వెదుళ్లు నిలబెడుతున్నారు. జయరాజు గారు బండిని చక్కగా నడిపించుకు వచ్చి, ఆపడానికి చక్రం తిప్పడం మొదలుపెట్టారు. తిప్పుతున్నారు. బండి నెమ్మదిగా, మర్యాదగా ముందుకు పోతూనే ఉంది. ‘తిప్పండి, తిప్పండి!’ అని విభాగమంతా అరుస్తోంది. బండి వెళ్లి పందిరి వెదుళ్ల మధ్య దూరి అప్పుడు ఆగింది. ఆగాక బ్రేకు పట్టింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పందిరి కడుతున్న పెద్దాయన పైనుంచి, ‘ఓ జయరాజ్‌దా! ఠాకుర్ తో ఎఖనో ఆషేనీ!’ అన్నాడు. అమ్మవారు ఇంకా రానేలేదు, మీకు అప్పుడే దర్శనమా అని.

మైదానమంతా నవ్వింది. లిల్లీ గారు నవ్వలేదు. కొంగు నడుముకు దోపుకుని బండి దగ్గరకు వెళ్లారు.

‘ఏటండీ ఇది? ఇంతమంది కలిసి ఏటి కట్టినారు?’

‘బ్రేకే లిల్లీ. చూడు, పట్టిందంటే భూకంపం వచ్చినా వదలదు.’

‘వదలదు సరే, ముందు పట్టాల గదా! రోడ్డు మీద పిల్లోడు అడ్డమొస్తే, నాయనా, కూసింత ఆగు, నాను చక్రం తిప్పుకుంటన్నాను అంటారా? ఇది నిలబడ్డ బండిని నిలబెట్టే బ్రేకు. ఎల్తన్న బండిని ఆపే బ్రేకేదీ?’

మా వారు వంగి ఇత్తడి పిడిని ఒకసారి తిప్పి చూసి, ‘అన్నా, వదిన అన్నది రైటు. మనం గార్డు డబ్బాకి కట్టాం’ అన్నారు.

ఈ పొరపాటు మరెవరూ చేసి ఉండరు. బ్రేకుల విభాగం వారే చేయగలరు. రైలును ఆపేది ఇంజనులోని డ్రైవరు, గాలి ఒత్తిడితో. చేతి బ్రేకుకు అక్కడ ఒక్కటే పని: ఆగి ఉన్న వ్యాగన్ కదలకుండా చూడడం. ఆ ఒక్క పనినే జీవితమంతా చూసినవారికి, చేతి బ్రేకు అనగానే ఆ ఒక్క పనే కనబడింది. దీనిని జయరాజు గారు తరువాత ఎంతోమంది కొత్తవారికి స్వయంగా, నవ్వుతూ, తమ తప్పుగానే చెప్పేవారు. పర్యవేక్షకులలో ఇది అరుదైన గుణం.

ఇత్తడి పిడి మీద ఎంత మమకారమున్నా, మరుసటి ఆదివారమే దానిని విప్పించేశారు. ఈసారి కుడి తొడ పక్కన పొడవాటి కడ్డీ ఒకటి అమర్చారు. లాగితే రెండు వెనుక చక్రాలూ సమానంగా పట్టుకోవాలి, చెయ్యి తీస్తే వెంటనే వదలాలి, అది ఆపడానికి. పూర్తిగా లాగి బొటనవేలితో చిన్న కొక్కెం కిందికి నొక్కితే, మళ్లీ ఎత్తేదాకా వదలకూడదు, అది నిలబెట్టడానికి. చెప్పడానికి సులువు. కుదిరేసరికి మహాలయ అమావాస్య దాటింది. ఒక చక్రం ముందు పట్టి, ఒకటి వెనుక పట్టి, బండి పక్కకు లాగడంతో రెండుసార్లు మొత్తం విప్పారు. పూజలు ముగిశాక గాని రవాణా శాఖ తనిఖీకి వెళ్లలేకపోయారు. జయరాజు గారు పెట్టుకున్న గడువు అప్పటికి తీరిపోయింది. ఆ తనిఖీలో నెగ్గకపోతే శ్రీకాకుళం ప్రయాణమే.

లిల్లీ గారు రమ్మంటే నేనూ తోడు వెళ్లాను. తనిఖీ అధికారి బెంగాలీవారు, మితభాషి. మైదానంలో నడిపించి చూసి సంతృప్తి పడక, వంతెన ఎక్కే వాలు మధ్యలో ఆపమన్నారు. జయరాజు గారు ఆపి, కొక్కెం నొక్కారు.

‘హాత్ ఛేడే దిన్’ అన్నారు అధికారి. చేతులు వదిలేయమని. జయరాజు గారు రెండు చేతులూ వదిలేశారు. బండి కదల్లేదు.

‘ఎబార్ నామున్.’ ఇప్పుడు దిగండి.

వాలులో, ఎవరి సాయమూ లేకుండా, చేతికర్ర ముందు ఆనించి, స్వాధీనం లేని కాలిని చేత్తో ఇవతలకు తెచ్చుకుని దిగాలి. దిగేటప్పుడు బండి ఏమాత్రం వెనక్కి జారినా మనిషి కింద పడతాడు. లిల్లీ గారు నా మణికట్టు పట్టుకున్నారు. ఆమె పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన వినబడలేదు. జయరాజు గారు దిగారు. నిలబడ్డారు. అలవాటు చొప్పున వంగి చక్రాన్ని అరచేత్తో తట్టి, అక్కడ ఎవరున్నారో ఆలోచించకుండా, ‘పట్టింది!’ అని కేక వేశారు.

వాలు కింద నిలుచున్న విభాగం మిత్రులు, సెలవు పెట్టుకు వచ్చినవారందరూ, ఒక్క గొంతుతో ‘పట్టింది!’ అన్నారు. అధికారి ఉలిక్కిపడి, తానే వెళ్లి బండి ముందు వైపు నిలబడి రెండు చేతులతో గట్టిగా నెట్టారు. మళ్లీ నెట్టారు. చేతులు దులుపుకుని, ‘కే బానియేఛే?’ అని అడిగారు. ఎవరు చేశారని.

‘ఆమ్రా’ అన్నారు జయరాజు గారు. మేమందరం అని.

అధికారి మొదటిసారి నవ్వి, సరేనన్నట్టు తల ఊపారు. లిల్లీ గారు నా చెయ్యి వదిలి, రోడ్డు పక్కన గట్టు మీద కూర్చుండిపోయారు. ‘హమ్మయ్య! ఇంక మీ ఉద్యోగం మీరు సేసుకోండి, నాను ఇంటికెల్లి పడుకుంటాను’ అన్నారు. నిజంగానే ఆ మధ్యాహ్నమంతా ఆమె నిద్రపోయారని హెప్సీ చెప్పింది.

ఆ తరువాత స్వచ్ఛంద విరమణ మాట మళ్లీ రాలేదు. తొలి వారాలలో జయరాజు గారు వర్క్‌షాపు చేరి ఫోను చేసేదాకా లిల్లీ గారు వీధి గుమ్మం దగ్గరే నిలబడేవారు. కొంతకాలానికి నేను వెళ్లేసరికి ఆమె తీరుబడిగా దొండకాయలు తరుగుతున్నారు. ఫోను ఎక్కడ పెట్టారో ఆమెకే గుర్తులేదు. అది చూసి నాకు కలిగిన ఊరట, తనిఖీ నాటి ఊరటకు ఏమాత్రం తీసిపోలేదు. గార్డెన్ రీచ్‌లో ఓడల రేవులో పనిచేసే ఒకరు విని వస్తే, జయరాజు గారు వారి బండికీ అటువంటి కడ్డీయే అమర్చారు. వాలులో దింపి చూడనిదే ఇంటికి పంపలేదు. విభాగంలో ఈ చివరి సంవత్సరాలలో వారు తయారుచేసిన యువకులు, వారి తరువాత కూడా ఏ వ్యాగన్‌నూ తల ఊపి పంపరని మా వారి నమ్మకం.

ఉద్యోగం విడిచే తేదీని శరీరం నిర్ణయించకుండా, నియమం ప్రకారం రావలసిన రోజునే, తమ బండి మీద తామే వచ్చి, తామే తిరిగి వెళ్లబోతున్న శ్రీ జయరాజు గారికి మా కుటుంబం తరఫునా, ఈ సంచిక పాఠకులందరి తరఫునా హృదయపూర్వక అభినందనలు. హెప్సీ ఇప్పుడు ఆసుపత్రి ఉద్యోగంలో స్థిరపడింది, బ్లెస్సన్ కాలేజీలో ఉన్నాడు. తల్లిదండ్రులు తమ కోసం కొంత కాలం గడపడానికి అడ్డేమీ లేదు. వర్షాకాలంలో కాలినొప్పి వారిని బాధించకూడదని, పొద్దుటి టీ చల్లారకుండా పూర్తిగా తాగే తీరిక ఇకనైనా వారికి దొరకాలని, లిల్లీ గారితో కలిసి వారు ఆరోగ్యంతో, నిశ్చింతతో, నిండు నూరేళ్లు జీవించాలని మనసారా కోరుకుంటున్నాను.

— కౌముది అనంతకృష్ణ, లిలువా