చెవి గాట్లు

సూర్యాపేట బొమ్మల దుకాణంలో సేటు ప్లాస్టిక్ గొర్రెపిల్లను బల్ల మీద పెట్టాడు. దాన్ని చూడగానే, ఏళ్లుగా అతనికి చెక్క గొర్రెలు చేసి ఇస్తున్న ఆమె చేతిలోకి తీసుకుని చెవులు తడిమింది.

"ఇది నా బొమ్మే గద సేటూ!"

"కంపెనీ వాళ్లు డిజైన్ రిజిస్టర్ చేయించుకున్నరక్కా. నువ్వే కాపీ కొడుతున్నవని నోటీసు పంపిన్రు. ఇగ నీ బొమ్మలు అమ్మొద్దంట."

"మరి దీని ఎడమ చెవికి రెండు గాట్లెందుకో అడిగినవా?"

"అందానికంట. వాళ్ల ఆర్టిస్టుకు తోచిందంట."

"థూ! అందానికా? మా మామ మందల ప్రతి గొర్రె చెవికి గివే గాట్లు. తప్పిపోతే గుర్తు పట్టనీకి కోస్తం. జర జవాబు రాయి సేటూ, మా గొర్రె దొరికిందని, దొంగ గూడ దొరికిండని."