మా అత్త మొగుణ్ణి పేరెట్టి పిలిచిన రోజు

నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నోట్లో ఉన్న ఈ రెండు పళ్ళూ ఊడిపోవాల. నిన్నటిదాకా మూడుండేవి, ఆ మాట వదిలెయ్. మా అత్త ఎర్నమ్మ కొత్త పెళ్ళికూతురుగా ఈ ఇంటి గుమ్మం ముందు నిలబడిందంట. యుద్ధం రోజులవి. విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయని జనం పిల్లల్నీ బిందెల్నీ నెత్తినెట్టుకుని మన ఊళ్ళకి పారొచ్చేస్తున్నారు. కిరసనాయిలు దొరకదు, గుడ్డ దొరకదు. మా అత్త పెళ్ళిచీర ఎంత కురచంటే, కొంగుకొస్తే కుచ్చిళ్ళకి రాదు, కుచ్చిళ్ళకొస్తే కొంగుకి రాదు. లేస్తే పరువు పోద్దని పెళ్ళంతా కూర్చునే చేసుకుందంట. సరే, గుమ్మంలో ఏమైందంటే, ఆడపడుచులు అడ్డం నిలబడి, మా అన్న పేరు చెప్పి లోపలికి రా వదినా అన్నారు. ఎవరైనా ఏం చేస్తారు? సిగ్గుపడి, ఓసారి గొణిగేసి, లోపలికొచ్చేస్తారు. ఈవిడ చెప్తేనా! మొగుడి పేరు నోటంట వస్తే ఒక్కో పిలుపుకీ ఒక్కో ఏడు ఆయుష్షు తెగిపోద్దని వాళ్ళమ్మ చెవిలో ఊది పంపింది. గుమ్మంలోనే కూలబడిపోయింది. పొద్దు గూకింది. పళ్ళెంలో ఎర్రనీళ్ళు ఎండిపోయాయి. ఆడపడుచులు నిలబడి నిలబడి నిద్రపోయారు. అప్పుడు లేచి, ఇంటి చుట్టూ తిరిగి, పెరటి దడి దూకి, గేదెల శాల్లోంచి లోపలికొచ్చేసిందంట!

మా మావగారి పేరేటంటావా? కోడల్ని, నేనెలా చెప్తానే? గేదె కుడితిలో కలుపుతామే, దాని చివర నాయుడు తగిలించు. "తవిటినాయుడా అమ్మమ్మా?" ఆఁ, నువ్వన్నావు, నేనన్లేదు.

ఇంక చూడు, ఊళ్ళో కుర్రాళ్ళు ఆయన్ని బతకనిస్తేనా. ఏరా, నీ పెళ్ళాం గేదెల్తో పాటు ఇంట్లోకొచ్చిందంట గదా, పాలెన్ని ఇస్తంది అని. ఆయన ఉడికిపోయి, పేరెట్టి పిలిస్తేనే నీతో మాటాడతానన్నాడు. నాకు నీ ఆయుష్షు కావాల గానీ నీ పేరుతో ఏటి పని అంది ఈవిడ. ఇద్దరికీ కలిపి ముప్ఫై ఏళ్ళు నిండాయో లేదో, పంతం మాత్రం మూడూళ్ళకి సరిపోను. అలా ఉండగా సంతలోకి పటాలం లారీ వచ్చింది. మీసాల హవల్దారు ఒకడు, చొక్కా ఇస్తాం, బూట్లిస్తాం, రోజూ మాంసం పెడతాం, బర్మా చూపిస్తాం అంటున్నాడంట. మా మావగారికి బర్మా ఏ పక్కనుందో తెలీదు. అలిగినోడికి ఏ పక్కైతే ఏటి, ఎక్కేశాడు.

కబురందేసరికి మా అత్త కలుపు తీస్తంది. బురద కాళ్ళతో పరిగెత్తింది. వెనకాల వాళ్ళత్త, ఆ వెనకాల మా మావగారి ముసిలి నాయనమ్మ. ఎక్కినోడికి ఎక్కినట్టే తొడిగేశారు, లారీ నిండా ఒకే రంగు చొక్కాలు, ఒకే రంగు టోపీలు. "మావా!" అని కేకేసింది. లారీలో ఎవరో ఒకరికి మావ కానోడెవడు? అందరూ తిరిగారు, తిరగాల్సినోడు తప్ప. హవల్దారు, ఎవడు కావాలమ్మా, విజయనగరం పోయి వేలిముద్రేసేదాకా దింపచ్చు, పేరు చెప్పు అన్నాడు. అత్తా, నువ్వు చెప్పు అంది మా అత్త. ఆవిడ చెప్పదు, అది తన మావగారి పేరు, తాత పేరే మనవడికెట్టారు మరి. నాయనమ్మా, నువ్వు చెప్పు అంది. ముసిలామె బుగ్గలు నొక్కుకుంది, అది తన మొగుడి పేరు! ముగ్గురాడాళ్ళూ హవల్దారుకి చేతుల్తో గేదెని చూపిస్తన్నారు, కుడితిని చూపిస్తన్నారు. గేదె తప్పిపోయిందా అంటాడాయన. సంతంతటికీ ఆ పేరు తెలుసు, ఒక్కడు నోరు విప్పితే ఒట్టు. దాని నోటంటే రావాలి, ఎవరూ అందించకండి అని పందెం కాస్తున్నారు.

లారీ కదిలింది. మా అత్త దాని వెనకాలే పరిగెత్తిందంట. పిలిస్తే ఒక ఏడు పోద్ది, పిలవకపోతే మనిషే పోతాడు. కళ్ళు మూసుకుని, ఇదిగో, నువ్వు ఇందాక అన్నావే, ఆ పేరెట్టి ఒక్క కేక! చింతచెట్ల కాయలన్నీ రాలిపోయాయి. సముద్రం మీద నుంచి వస్తున్న జపానోళ్ళ విమానం ఇటు రాకుండా వెనక్కి తిరిగి పోయింది, కావాలంటే జపాన్లో అడుగు. మా మావగారు దిగలేదు, పడ్డాడు. మోకాళ్ళు చీరుకుపోయినా నవ్వుతూ, ఏదీ ఇంకోసారను అన్నాడంట. చస్తే అనను, ఇప్పటికే ఏడు పోయిందని ఏడుస్తూ ఇంటికి లాక్కొచ్చి, పోయిన ఆయుష్షు పూడాలని గుడ్డు కొట్టి తాగించింది. ఆ రుచి మరిగాడు. నేను కాపురానికొచ్చేసరికి కూడా, కోడికూత వినపడితే చాలు, ఎర్నీ, నాకేదో ఆయుష్షు తగ్గినట్టుందే అనేవాడు.

నూట పన్నెండేళ్ళు బతికాడు. మా ఆయన తొంభై నాలుగంటాడు, ఆయనకి లెక్కలెప్పుడొచ్చాయి? శవం దగ్గర మా అత్త ఏమని ఏడ్చిందో తెలుసా? ఆ రోజు నేను నోరు జారకపోతే ఇంకో ఏడు ఉండేవాడివి గదయ్యా అని!

సరే లే, లే. మా మనవడికీ ఆయన పేరే ఎట్టి నా నోరు కట్టేశారు. కల్వర్టు మీద పేకాడుతున్నాడు, అన్నం చల్లారిపోతంది. నేను ఒరే అంటే అక్కడున్నోళ్ళంతా తిరుగుతారు, వాడు తప్ప. నువ్వెళ్ళి పేరెట్టి గట్టిగా కేకెయ్. భయం లేదు, నువ్వు వాడి పెళ్ళానివి కాదు గదా.