గాలి తీయని సీలు

అరిజోనా ఎడారి క్యాంపులో, ఇల్లమ్మి కొనుక్కున్న ఇల్లంత బస్సు పక్కన, ప్రయాణానికి సిద్ధమైన మొగుడూ పెళ్లామూ.

“బస్సు గోడలోంచి బయటికి జరిపిన పడగ్గదిని లోపలికి లాగేముందు, వాన దిగకుండా దాని చుట్టూ ఉబ్బించిన రబ్బరు సీల్లో గాలి తీశావా?”

“తీశాననే అనుకున్నా.”

“అనుకున్నావా! చూడు, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చిరిగిపోయింది. ఇక వానొస్తే మంచం మీదే స్నానం.”

“మెల్లగా అనవే, చుట్టుపక్కల బళ్లవాళ్లు వింటారు.”

“విననీ! కుర్చీలేసుకు కూర్చుని, బయల్దేరే ప్రతి బండికీ వంకలు పెట్టడం వాళ్లకి నేర్పిందెవరు? నిన్న పక్క బండి డెల్‌బర్ట్‌కి ఈ సీలు గురించే గంటసేపు పాఠం చెప్పావు. ఇవాళ కుర్చీలన్నీ మనవైపే తిరిగాయి.”

“సర్లే, టేపు పట్టుకురా. అరే, ఆ కుర్చీ ఎక్కడికి?”

“డెల్‌బర్ట్ పక్కకి. అక్కణ్ణుంచైతే బాగా కనిపిస్తుంది.”