అమ్మకు తోడు పడుకునే వంతు

సాయంత్రం, కళ్ళజోళ్ల కొట్టు. తల్లి లోపలి గదిలో అద్దాలు సానపడుతోంది. కొడుకూ కూతురూ బల్ల దగ్గర నిలబడి గుసగుసలాడుకుంటున్నారు.

“పక్కింటి అత్తయ్య ఏమందో తెలుసా అన్నయ్యా? ‘ఆవిడ కొట్టుకు ఈమధ్య నున్నగా గడ్డం గీసుకున్న మగాళ్లు వరస కడుతున్నారు, ఒక్కడి కళ్ళకీ జబ్బున్నట్టు లేదు’ అందట. కిరాణా కొట్టావిడతో అంటే, ఆవిడ నా చెవిన వేసింది.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటాను! అమ్మకు పెళ్ళికొడుకుల్ని పంపుతోంది మేమే అని చెప్పమంటావా?”

“మెల్లగా! సాన ఆగినట్టుంది.”

“ఆగలేదులే. ఇంతకీ నువ్వు పంపిన మేనేజరు ఏమన్నాడు?”

“ఏమంటాడు, నల్లద్దాలు పెట్టుకుని బయటికొచ్చాడు. నీ మందుల షాపాయన?”

“ఆయనా ఓ కళ్ళజోడు కొనుక్కున్నాడు. పైగా చదువుకోడానికి ఇంకోటి కావాలట.”

“ఇలాగైతే ఊరంతా కళ్ళజోళ్లు పెట్టుకుంటుంది గానీ అమ్మకు పెళ్ళి కాదు.”

“అమ్మ మనసులో ఎవరున్నారో కాస్త కనిపెట్టమని ఫ్రేములు తెచ్చే బాబాయికి చెప్పాను. మీ ఇంటి దారిలోనే ఒక్కడే ఉంటాడు, వారం వారం కొట్టుకొస్తాడుగా. పాపం, చేతిలో పెట్టె కింద పడేసుకున్నాడు.”

“నోట్లో నాలుక లేని మనిషి, ఆయనకేం తెలుస్తుంది! చూడు చెల్లీ, ఇది తొందరగా తేల్చాలి. నాన్న పోయి ఏడాది దాటింది. రోజు విడిచి రోజు అమ్మకు తోడు పడుకోవడం... నాకేం కష్టమని కాదనుకో—”

“నాకూ కాదు. అమ్మకోసం ఆమాత్రం చెయ్యలేమా?”

“చెయ్యలేమా మరి! కాకపోతే మీ వదిన సణుగుతోంది.”

“మీ బావ సణగడు. మాట్లాడ్డమే మానేశాడు.”

“ఆ మంచమొకటి. నడుం పట్టేసింది.”

“నాకు మెడ. అయినా ఇదంతా మనకోసమా? అమ్మ ఒంటరితనం చూడలేకే కదా.”

“చూడలేకే, చూడలేకే.”

“నేనెప్పుడు ఒంటరిగా ఉన్నానురా?”

“అమ్మా! సాన... అయిపోయిందా?”

“ఎప్పుడో అయింది. వాళ్ళను మీరే పంపారని మొదటాయన కుర్చీలో కూర్చోగానే తెలిసింది. అక్షరాల బోర్డు చూసి చదవమంటే, నా మొహం చూసి చదివాడు.”

“తెలిసీ కళ్ళజోళ్లు అమ్మావా?”

“కొట్టుకొచ్చినవాణ్ణి వట్టి మొహంతో పంపుతానా?”

“అది కాదమ్మా. రాత్రిళ్లు నువ్వు భయపడతావని మేం...”

“భయమని నేనన్నానా?”

“నాన్న పోయిన కొత్తలో రాత్రంతా నీ గదిలో లైటు వెలుగుతుండేది కదమ్మా!”

“మీ నాన్నకు లైటుంటే నిద్రపట్టేది కాదు. ఇన్నేళ్లకు పడుకుని పుస్తకం చదువుకునే యోగం పట్టింది, చదువుకున్నాను. అంతలో నువ్వు పరుపు తెచ్చుకున్నావు. మర్నాడు ఇది తెచ్చుకుంది. ఇళ్లల్లో మొగుడితో, పెళ్ళాంతో పడటంలేదు కాబోలు, అడిగితే చిన్నబుచ్చుకుంటారని నోరు మూసుకున్నాను.”

“మాకు పడకపోవడమేమిటి? మేం నీకు తోడు—”

“ఏడాదిగా నేను మీకు తోడు పడుకుంటున్నాను. ఓ పూట భోజనానికి రానా అని ఆయన అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి తప్పిస్తున్నాను. ఎలా రమ్మనను? ఓ రోజు నీ గురక, ఓ రోజు దీని ఫోను.”

“ఆయనెవరు?”

“ఫ్రేములాయన.”

“బాబాయా! అమ్మా, మేం ఆయన్ని బాబాయి అంటాం!”

“మీరంటారు. నేనన్నానా?”

“నలుగురూ ఏమనుకుంటారమ్మా? మేం చూసినవాళ్ళయితే ఓ పద్ధతి, ఓ మర్యాద...”

“ఇవాళ పడుకునే వంతు ఎవరిదిరా?”

“నాదమ్మా. రేపు చెల్లిది.”

“పరుపు చుట్టుకుని మీ ఇంటికి పో. దారిలో ఆయన తలుపు కొట్టి, భోజనానికి రమ్మన్నానని చెప్పు.”