పంటి వేరులో నిద్ర

టెక్కలిలో పళ్ళ జబ్బుల మీద పరిశోధన చేసే ల్యాబు వరండా అది. పలాసలో డయాలసిస్ ముగించుకుని నేరుగా వచ్చిన మేనమామకి, ఆయన పంటిలోంచి తీసిన నమూనా వేసి ఉంచిన గాజుపళ్ళెం చూపించింది ఆ ల్యాబులో పనిచేసే మేనకోడలు.

“ఇందులో ఏటీ నేదు కదా తల్లీ?”

“ఏటీ మొలవలేదు మావా.”

“మరింకేటి! నా పంట్లో పురుగు సచ్చిపోయిందని సెప్పీ. నువ్వా మాటంటేనే కిడ్నీ మారుత్తామన్నారు పెద్ద డాక్టర్లు.”

“చచ్చిందని ఎలా చెప్పను? రూట్ కెనాల్ చేసినా పంటి వేరులో దాక్కుని, తిండి లేకుండా నిద్రపోయే రకం క్రిమి ఇది. కిందటిసారీ ఇలాగే ఏటీ లేదనుకున్నాం. తర్వాత మళ్ళీ మొలిచింది.”

“పన్ను పీకీమను మరి.”

“దవడ ఎముకలోకి కూడా పాకింది మావా.”

“నిద్దరోతే పోనీ. దాని మానాన దాన్నొగ్గీ.”

“కిడ్నీ మార్చాక, రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గించే మందులిస్తారు. అప్పుడిది లేచిందంటే నువ్వు మాకు దక్కవు. ఇప్పుడు పరీక్షిస్తున్న మందు దీనిమీద పనిచేసేలా ఉంది. కొన్నాళ్ళు ఆగు మావా, నీ కాళ్ళు పట్టుకుంటాను.”

“నానాగుతానమ్మా. సూదులు పొడిపించుకునైనా ఆగుతాను. మీ అత్త ఇత్తానన్న కిడ్నీ ఆగుతాదా?”

“అత్తకేటయింది? టెస్టుల్లో అంతా బాగుందన్నారు కదా!”

“ఇయ్యాలికి బాగుంది. ఒకప్పుడు నాదీ బాగుందన్నారు. మీ అత్తుండేది కూడా ఇంటికొకరి కిడ్నీ పోతన్న మన ఉద్దానంలోనే కదా తల్లీ!”