పొడుగు గంట మోగని ఏడాది

ఏంటి టీచరమ్మా, పెట్టె సర్దేసుకుని గది తాళం పట్టుకుని దిగావు? సెలవులకేనా? ఓహో, సెలవులు కాదు, తీసేశారా. మళ్ళీ బడి తెరిచినప్పుడు కొత్తగా దరఖాస్తు పెట్టుకోమన్నారా. పంపిస్తూ పంపిస్తూ బహుమతిగా పెన్ను కూడా చేతిలో పెట్టారూ? ఏదీ, ఇటివ్వు. మూత ఊడొస్తోంది తల్లీ, దరఖాస్తు సగం రాసేలోపే ఇది కూడా రాజీనామా చేస్తుంది. కూర్చో, ఆ బల్ల మీద కూర్చో, విరగదు. బస్సుకి బోలెడు టైముంది. మా ఆవిడ టీ పెడుతోంది. నిన్నిలా చూస్తుంటే నాకు మా టెంపరరీ మాస్టారే గుర్తొస్తున్నాడు. ఆయనా ఇంతే, ఏడాదికోసారి ఇదే ముఖం వేసుకుని గేటు దాకా వచ్చేవాడు. నేనే గేటు తీసేవాణ్ణి మరి. ఏమనుకున్నావు నన్ను? నువ్వు పాఠాలు చెప్తున్న ఆ బడిలోనే గంట కొట్టాను, జుట్టు నెరిసేదాకా కొట్టాను. నేను గంట కొడితే పక్క వీధి డాక్టరు తన వాచీ సరిచేసుకునేవాడు. రైల్వే వాళ్ళు కూడా మనిషిని పంపించి టైము కనుక్కునేవాళ్ళు. నవ్వకు. పైగా నేను పర్మనెంటు. సంతకం పెట్టమంటే నాలుగు అక్షరాలు నాలుగు దిక్కులకి పోతాయి, అయినా పర్మనెంటు. స్టూలు మీద నా పేరు రంగుతో రాసిచ్చారు.

ఆయనేమో లెక్కలు. ఎలా చెప్పేవాడంటే, గంట కొట్టేవాణ్ణి, నాకేం పని చెప్పు, కిటికీ పక్కన నిలబడి వింటూ రెండు మూడు సార్లు గంట కొట్టడమే మర్చిపోయాను. అంత బాగా చెప్పేవాడు. కానీ టెంపరరీ. కొన్నాళ్ళకి అసలు పేరు ఊరు మర్చిపోయింది. పాలవాడు కూడా "టెంపరరీ గారిల్లు ఎక్కడ" అని అడిగేవాడు. వాళ్ళావిణ్ణి టెంపరరీ గారమ్మ అనేవాళ్ళు. ఆ మహాతల్లి ఒకసారి మా ఆవిడతో "ఏమోనమ్మా, నా పెళ్ళి కూడా టెంపరరీయేనేమో అని అప్పుడప్పుడు భయం వేస్తుంది" అందట. జీతమా? పీరియడ్ లెక్కన. చెప్పిన క్లాసుకే డబ్బులు. వానొచ్చి బడి వదిలేస్తే పిల్లలు గంతులేసేవాళ్ళు, ఆయన వరండాలో నిలబడి మబ్బు వంక చూసేవాడు, అప్పు తీసుకుని ఎగ్గొట్టినవాణ్ణి చూసినట్టు. స్టాఫు రూములో కుర్చీ కూడా లేదు. కుర్చీలు పర్మనెంటు వాళ్ళకి. ఈయన పాత మ్యాపులు పెట్టే పెట్టె మీద కూర్చునేవాడు. ఎవరికైనా మ్యాపు కావాలంటే లేవాలి. సోషల్ టీచరు రోజుకి నాలుగు దేశాలు చెప్పేది, ఈయన నాలుగు సార్లు లేచేవాడు.

అదే గదిలో నిద్ర మాస్టారని ఒకాయన ఉండేవాడు. పర్మనెంటు. పిల్లలకి డిక్టేషను మొదలుపెట్టి మొదటి వాక్యంలోనే నిద్రపోయేవాడు. గురక కూడా ఎంత పద్ధతిగా ఉండేదంటే, పిల్లలు దాన్ని కూడా రాసుకునేవాళ్ళు. ఆయనకి మన టెంపరరీ కన్నా మూడింతలు జీతం, సెలవులకి కూడా జీతం. అంటే ఇంట్లో నిద్రపోయినా ఇచ్చేవాళ్ళు, బళ్ళో నిద్రపోయినా ఇచ్చేవాళ్ళు. నేనోసారి అడిగేశాను, "ఏం మాస్టారూ, అంత జీతం మోసుకెళ్ళి మోసుకెళ్ళి అలసిపోతున్నారా" అని. ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసేశాడు. దాని సంగతి తర్వాత చెప్తాలే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ బ్రేకు అనేది ఉందే, నీకు ఇవాళ వేసింది, దాన్ని కనిపెట్టిన పుణ్యాత్ముడు మా సెక్రటరీ. బడి ఆయనదే. పిసినారి అంటే అలాంటిలాంటి పిసినారి కాదు. కారుంది కానీ డిక్కీ తాళం పాడైతే బాగుచేయించడు, తాడు కట్టుకుని తిరుగుతాడు. ఆ తాడు కూడా బడి జెండా తాడు. రూలేంటంటే, ఒక ఏడు బడి తెరిచిన రోజు నుంచి మరుసటి ఏడు బడి తెరిచిన రోజు దాకా మధ్యలో తెగకుండా పనిలో ఉంటే, వాణ్ణి పర్మనెంటు చేయాల్సిందే. అందుకని సెక్రటరీ ఏం చేసేవాడు? చివరి రోజున తెంపేసేవాడు. బడి తెరిచిన రోజు మళ్ళీ అతికించేవాడు. కానీ అగ్రిమెంటులో తారీఖు వెయ్యడు. తారీఖు వేస్తే, పరీక్షలు ముందే అయిపోతే ఆ మిగిలిన రోజులకి డబ్బులు దండగ కదా. అందుకని "ఏడాది చివర పొడుగు గంట కొట్టేవరకు" అని రాయించాడు. మా బళ్ళో ఆ ఆచారం మొదట్నించీ ఉంది. చివరి రోజు చివరి పరీక్ష అవగానే నేను గంట ఆపకుండా పొడుగ్గా కొట్టాలి. అది మోగితేనే ఆ ఏడు అయిపోయినట్టు. అంటే చూడు, ఆయన ఉద్యోగం నా చేతిలో ఉండేది. నా కుడి చేతిలో. ఇదిగో, ఈ చేతిలో.

గంట మోగగానే ఈయన అల్మారా తాళం ఇచ్చేసేవాడు, ఒక పువ్వు ఇచ్చేవాళ్ళు, ఫోటో తీసేవాళ్ళు. సెలవుల్లో లాడ్జీలో కౌంటరు దగ్గర కూర్చునేవాడు. బడి తెరిచే రోజు సర్టిఫికెట్ల సంచీ పట్టుకుని కొత్తవాళ్ళతో పాటు బెంచీ మీద వరసలో ఉండేవాడు. గేటు దగ్గర నాకు దణ్ణం పెట్టి "నమస్కారం పర్మనెంటు గారూ" అనేవాడు. ఎగతాళికే అనేవాడులే. కానీ ఆ బళ్ళో నన్ను గారూ అన్నది ఆయనొక్కడే. లోపల ఇంటర్వ్యూ చేసేది ఎవరనుకున్నావు? హెడ్మాస్టరు. ఆ హెడ్మాస్టరు ఎవరు? ఈయన దగ్గరే లెక్కలు నేర్చుకుని గట్టెక్కిన కుర్రాడు. సెక్రటరీ కూతుర్ని చేసుకుని హెడ్మాస్టరయ్యాడు. పక్కన మామగారు కూర్చుని ఉంటే పాపం వీడు తల దించుకుని అడిగేవాడు, "మీకు అనుభవం ఏమైనా ఉందా?" అని. ఈయన "లేదండీ, ఇప్పుడే మొదలుపెడదామని" అనేవాడు. అలా అంటేనే ఉద్యోగం. ఉంది అంటే బ్రేకు లేనట్టు అయిపోతుంది కదా. ఒక ఏడాది ఈయనకి ఒళ్ళు మండి, "నాకు లేదు గానీ నాయనా, ఆ భిన్నాలు నీకు ఇప్పటికైనా వచ్చాయా" అన్నాడట. నేను తలుపు అవతల్నుంచి చెవులారా విన్నాను. తలుపు మందమే, నా చెవులు అలాంటివి.

సరే, అలా గడిచి గడిచి ఒక ఏడాది సెక్రటరీ కొత్త రూలు తెచ్చాడు. నలభై అయిదు దాటినవాళ్ళని కొత్తగా తీసుకోరంట. మన మాస్టారికి ఆ సెలవుల్లోనే దాటిపోతుంది. అర్థమైందా? ఇరవయ్యేళ్ళు ప్రతి ఏడాదీ నువ్వు కొత్తవాడివి, కొత్తవాడివి అన్నారు. ఇప్పుడేమో కొత్తవాడిగా చేరడానికి ముసలాడివైపోయావు అన్నారు. అంటే ఈసారి నేను పొడుగు గంట కొడితే అదే ఆఖరు, మళ్ళీ అతికించేది లేదు. ఆ చివరి రోజు పొద్దున్నే వచ్చి నా స్టూలు దగ్గర నిలబడ్డాడు. ఏదో అడుగుతాడేమో అనుకున్నాను. "పర్మనెంటు గారూ, ఇవాళ కాస్త మెల్లిగా కొట్టండి" అన్నాడు, అంతే. నవ్వుతూనే అన్నాడు.

మెల్లిగా కొట్టడం నాకు రాదు తల్లీ. అందుకని అసలు గంటే లేకుండా చేశాను. మా గంటంటే ఇత్తడి గంట అనుకునేవు, రైలు పట్టా ముక్క. నిలువెత్తు పట్టా, గొలుసుకి వేలాడేది. అందరూ పరీక్ష హాల్లో ఉన్నారు, మిట్టమధ్యాహ్నం. ఒక్కణ్ణే దాన్ని దింపి, భుజాన వేసుకుని, స్టాఫు రూము వెనక నుంచి తీసుకెళ్ళిపోయాను. అప్పట్లో నా భుజాలు చూసి ఎద్దులు పక్కకి తప్పుకునేవి. ఎక్కడ దాచానో చెప్పు? బావిలో కాదు. సెక్రటరీ కారు డిక్కీలో. తాడే కదా, విప్పాను, పెట్టాను, కట్టాను. కారు వెనకభాగం కిందకి దిగిపోయి ముందుభాగం పైకి లేచింది, కుక్క కూర్చున్నట్టు.

పరీక్ష అయిపోయింది. గంట లేదు. సెక్రటరీ రంకెలేశాడు. నేను ఇంతింత కళ్ళు చేసుకుని "దొంగలయ్యా దొంగలు" అన్నాను. హెడ్మాస్టరు మెట్లెక్కి, "బడి అయిపోయింది, అందరూ వెళ్ళండి" అని అరిచాడు. టెంపరరీ మాస్టారు చాలా మర్యాదగా, "అగ్రిమెంటులో గంట అని ఉందండీ, మీ నోరు అని లేదు" అన్నాడు. కంచం మీద గరిటెతో కొట్టించారు. అది విని వంటావిడ వచ్చింది తప్ప ఎవరూ కదల్లేదు. పోనీ కొత్త గంట కొందామని ఇనప కొట్టువాణ్ణి పిలిపించి ధర అడిగాడు సెక్రటరీ. అడిగి, గుండె పట్టుకుని, "బడి తెరిచినప్పుడు చూద్దాంలే, జీతం లేకుండా సెలవుల్లో ఎవడొస్తాడు" అన్నాడు. అక్కడే బోల్తా పడ్డాడు.

వచ్చాడు. మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నేను గేటు తీశాను, గేటు నాదే కదా. మొదటి రోజు బెంచీలకి పాఠం చెప్పాడు. తర్వాత గోడ పక్కన ఆడుకునే పిల్లలు కిటికీలోంచి చూసి ఒక్కొక్కరే వచ్చారు. ఎండల్లో పిల్లలు ఇంట్లో గోల చేయకుండా ఉంటే చాలని తల్లులు కూడా తోలేశారు. సెలవులు సగం అయ్యేసరికి కూర్చోడానికి చోటు లేక పిల్లలు చెట్టెక్కి కూర్చున్నారు. సెక్రటరీ ఏమో గంట వెతుకుతూ ఊరంతా కారులో తిరిగాడు. డిక్కీలో గంట పెట్టుకుని గంట వెతికాడమ్మా. గుంటలో పడ్డప్పుడల్లా వెనక ఠంగుమనేది. మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాడు. మెకానిక్కు మా మాస్టారి శిష్యుడే. డిక్కీ తెరిచి చూసి, మూసి, తాడు ఇంకో ముడి వేసి, "ఇది పెద్ద జబ్బు సార్, ముందు అడ్వాన్సు ఇవ్వండి" అన్నాడు. డబ్బు మాట ఎత్తగానే సెక్రటరీకి ఆ చప్పుడు వినపడటం మానేసింది.

బడి తెరిచే రోజు వచ్చింది. బెంచీ మీద కొత్తవాళ్ళు వరసగా కూర్చున్నారు. మన మాస్టారు కూర్చోలేదు, సంచీ లేదు, చాక్‌పీసు పట్టుకుని క్లాసు గుమ్మంలో నిలబడ్డాడు. సెక్రటరీ కారు గేటు దగ్గర గట్టు ఎక్కింది. తాడు తెగింది. పట్టా జారి రాళ్ళ మీద పడి మోగింది చూడూ, టీచరమ్మా, నేను జన్మలో అంత పొడుగ్గా కొట్టలేదు. పిల్లలందరూ గబగబా క్లాసుల్లోకి పరిగెత్తారు. సెక్రటరీ కారు దిగి, అది చూసి, రెండు క్షణాల్లో తేరుకున్నాడు. తెలివికేం తక్కువ లేదు. అల్లుడి వైపు తిరిగి, "ఇది పోయిన ఏడాది ఆఖరి గంట. ఇప్పుడు మోగింది. రాసుకో, ఆయన్ని తీసేశాం" అన్నాడు. అందరం హెడ్మాస్టరు ముఖం వంకే చూస్తున్నాం. వాడు మామగారిని చూశాడు. గుమ్మంలో ఉన్న మాస్టారిని చూశాడు. తర్వాత ఆఫీసు గోడ మీద గడియారం చూశాడు. చిన్నప్పుడు లెక్క తప్పితే ఎలా నిలబడేవాడో అలాగే నిలబడి, "టైమయింది మామయ్య గారూ. ఇది ఈ ఏడాది మొదటి గంటే" అన్నాడు.

అంతే. ఆ తర్వాత ఆరు నెలలు అల్లుడికి అత్తారింట్లో మంచినీళ్ళు కూడా పుట్టలేదంట. మాస్టారు పర్మనెంటు అయ్యాడులే. అంత సంబరపడకు. ఆ రోజు నుంచే లెక్క, వెనకవన్నీ సున్నా. స్టాఫు రూములో అందరికన్నా జూనియరు. కుర్చీ ఇచ్చారు. ఇస్తే అంచున కూర్చునేవాడు, ఎవరైనా మ్యాపు అడుగుతారేమో అన్నట్టు. రిటైరయ్యాక బడి తెరిచిన రోజు పొద్దున్నే సర్టిఫికెట్ల సంచీతో వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. "ఏంటి మాస్టారూ" అంటే, "అలవాటు, పర్మనెంటు గారూ" అన్నాడు. ఎగతాళికే చేశాడో, నిజంగానే వచ్చాడో ఇప్పటికీ నాకు తెలీదు. పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పోయినప్పుడు కూడా ఎవరో అన్నారు, టెంపరరీ గారు పర్మనెంటుగా పోయారని. వాడితో నేను నెల రోజులు మాట్లాడలేదు.

సెక్రటరీ ఊరుకుంటాడా, మరుసటి ఏడు నుంచి అగ్రిమెంట్లలో తారీఖు వేయించాడు. నీ దాంట్లోనూ అదే కదా. గంటైతే దాచాను. తారీఖుని ఏ డిక్కీలో పెడతాం? అప్పుడు ఆయనొక్కడే. ఇప్పుడు మీరెంతమంది ఇలా? సగం పైనా? సగం బడి పెన్నులు పట్టుకుని బస్సెక్కుతోందన్నమాట.

ఏంటీ? నేనొక్కణ్ణే ఎలా ఎత్తానంటావా? చెప్పాను కదా, భుజాలు. ఎద్దులు. ... నువ్వూ లెక్కల టీచరువే కదూ. రైలు పట్టా ఎంత బరువుంటుందో వేసుకుని చూస్తావు, ఖర్మ. ఎత్తలేకపోయాను. గొలుసు విప్పాను గానీ కాలి మీద వేసుకుని అక్కడే కూలబడ్డాను. వెనక ఎవరో వచ్చిన చప్పుడైంది, అయిపోయాను అనుకున్నాను. నిద్ర మాస్టారు. చొక్కా చేతులు మడుచుకుని రెండో చివర పట్టుకున్నాడు. ఆయన వెనక సోషల్ టీచరు, డ్రిల్లు మాస్టారు. అందరూ పర్మనెంటు వాళ్ళే.

టీ వచ్చింది, తీసుకో. పంచదార సరిపోయిందా?