గట్టు కాడ ఆగిన కర్ర

అది 1999 జూన్. కార్గిల్ కొండలెక్కుతున్న జవాన్లలో ఆరోన్ ఒకడు. హైదరాబాదు పక్కన రాయదుర్గంలో అతని అక్క ఆఫీసుకు బయలుదేరేముందు, చదువురాని నాయనమ్మకు పేపరు చదివి వినిపిస్తోంది.

"సరిహద్దు గీత దాటొద్దని మనోళ్లకు ఆర్డరట, నాయనమ్మా. వెనక నుంచి చుట్టుముడితే జల్ది అయిపోతుండె గదా! ఇప్పుడు తమ్ముడు కింద నుంచి ఎదురెక్కాలె, పైనుంచి వాళ్లు కాలుస్తుంటే."

"గీత దాటితే అవతలోడు ఊకుంటడా? లడాయి ఇంకింత పెద్దగైతది."

"నీకెట్ల తెలుసు?"

"మీ తాతను చూసిన గదనే! పక్క చేనోడు రాత్రికి రాత్రి మన మడిల జొరబడి నాట్లేసిండు. తాత కర్ర పట్టుకొని తరిమిండు, తరిమి గట్టు కాడ ఆగిండు. అవతల కాలు పెడితే వాని ఆరుగురు అన్నదమ్ములు దిగేటోళ్లు. గా గట్టు మీదనే ఇప్పుడు మీ కంప్యూటరాఫీసు గోడ."

"మరి తాతకేం కాలేదా?"



"అవతల నుంచి రాయి విసిరిండ్రు, నుదురు పగిలింది. మడి మనకే దక్కింది, ఎవ్వరి పానం పోలే. గానీ ఆయన పోయేదాక ఆ మచ్చ నేను తడుముతనే ఉన్న."

మనవరాలు పేపరు మడిచి ఇన్లాండు లెటరు తీసింది.

"తమ్మునికేం రాయాలె?"

"తాత గట్టు కాడ ఆగిన సంగతి రాయి."

"దెబ్బ సంగతి?"

"అది రాయకు బిడ్డా. తల జర వంచుకొని ఎక్కుమని రాయి."